విడుదల కోరి రిట్రీట్‌కు వెళ్తున్నవారికి: బయలుదేరే ముందు నుంచి తిరిగొచ్చిన 40 రోజుల దాకా

నేను మొదటిసారి రిట్రీట్‌కు (రోజువారీ పనులు పక్కన పెట్టి ప్రార్థనలో గడిపే కొన్ని రోజులకు) వెళ్లినప్పుడు మూడు రోజుల్లో నోట్‌బుక్ మొత్తం నింపేశాను. ప్రతి ప్రసంగానికీ పాయింట్లు, ప్రతి పాయింట్‌కూ రిఫరెన్సు. ఆరాధనలో ఏడ్చాను, చివరి రోజు అందరి ముందు దేవుడు నాకు చేసిన మేలు గురించి సాక్ష్యం కూడా చెప్పాను. ఇంటికొచ్చిన పదో రోజుకల్లా అదే కోపం, అదే నిద్రలేమి. అన్నయ్య పేరు వినగానే గుండె మళ్లీ అలాగే బిగుసుకుపోయింది. ఆ మూడు రోజుల్లో దేవుని గురించి చాలా విన్నాను కానీ, ఆయన ముందు ఒక్క గంటైనా ఊరికే కూర్చోలేదు.

నాలుగేళ్ల తర్వాత మళ్లీ వెళ్లాను. ఈసారి నోట్‌బుక్‌లో మిగిలింది ఒకే ఒక్క వాక్యం. దాని సంగతి తర్వాత చెప్తాను. రెండోసారి నేను చేసిన పనులు, చేయకుండా ఆగిన పనులు, తిరిగొచ్చాక పాటించినవి ఇక్కడ వరుసగా రాస్తున్నాను. మీది ఏ సంఘమైనా, ఎక్కడికి వెళ్తున్నా ఇవి పనికొస్తాయని నా నమ్మకం.

ముందు ఒక మాట. రిట్రీట్ అనేది ఈమధ్య పుట్టిన అలవాటు కాదు. సేవ ముగించుకుని వచ్చిన శిష్యులకు భోంచేయడానికి కూడా తీరిక లేకపోతే, యేసే వాళ్లను పిలిచి "మీరేకాంతముగా అరణ్యప్రదేశమునకు వచ్చి, కొంచెము సేపు అలసట తీర్చుకొనుడి" అన్నాడు (మార్కు 6:31). 3వ శతాబ్దంలో ఐగుప్తు ఎడారికి వెళ్లిపోయిన ఆంథోనీ అనే సన్యాసి, ఆయన వెనకే వెళ్లిన వందలాది మంది ఈ పిలుపుకే తమ జీవితమంతా ఇచ్చేశారు. మనం ఇచ్చేది రెండు మూడు రోజులు. ఆ కాస్త సమయాన్నైనా పూర్తిగా ఇద్దాం.

మొదటి అడుగు: ఏం కావాలో ఒక్క వాక్యంలో రాయండి

బేతెస్ద కోనేటి దగ్గర 38 ఏళ్లుగా జబ్బుతో ఉన్న మనిషిని యేసు అడిగింది చిన్న ప్రశ్న: "స్వస్థపడగోరుచున్నావా?" (యోహాను 5:6). ఆ మనిషి అవునని గానీ కాదని గానీ చెప్పలేదు. తనను నీళ్లలోకి దింపేవాళ్లు లేరని, తనకంటే ముందు ఇంకొకరు దిగిపోతున్నారని చెప్పుకున్నాడు. మనమూ చాలాసార్లు అలాగే చేస్తాం. ఏం కావాలని అడిగితే, ఎందుకు కుదరడం లేదో చెప్తాం.

అందుకే బయలుదేరడానికి కనీసం వారం ముందు కాగితం మీద రాయండి: "ప్రభువా, నాకు ఫలానా దాని నుంచి విడుదల కావాలి." ఆ 'ఫలానా' స్పష్టంగా ఉండాలి. 'ఆత్మీయంగా ఎదగాలి' అని రాస్తే ఏమీ రాయనట్టే. 'రాత్రుళ్లు ఫోన్‌లో చూసే వాటిని వదల్లేకపోతున్నాను', 'పిల్లాడు పోయినప్పటి నుంచి నీతో మాట్లాడాలనిపించడం లేదు', 'డబ్బు గురించిన భయం నన్ను తినేస్తోంది' అన్నట్టు రాయండి. ఎవరికీ చూపించక్కర్లేదు కాబట్టి మాటలు అందంగా ఉండాల్సిన పని లేదు.

రాసిన వాక్యాన్ని మళ్లీ చదివి, అది వీటిలో ఏ కోవకు వస్తుందో చూడండి. కొందరిది అలసట, వాళ్లకు ముందు విశ్రాంతి కావాలి. కొందరిది బంధకం: పాపమో, వ్యసనమో, ద్వేషమో, అపరాధ భావమో పట్టుకుని వదలదు. వాళ్లకు ఒప్పుకోలు, తోడుగా నిలిచి ప్రార్థించే మనిషి కావాలి. ఇంకొందరికి దారి కనబడటం లేదు, వాళ్లకు నిశ్శబ్దం, వివేచన కావాలి. అలసిపోయిన మనిషి రాత్రంతా ప్రార్థన జరిగే కూటానికి వెళ్తే ఇంకా అలసిపోయి తిరిగొస్తాడు. తప్పు రిట్రీట్‌ది కాదు, మనిషికీ దానికీ జత కుదరలేదు, అంతే.

రెండో అడుగు: మీ అవసరానికి తగిన రిట్రీట్ ఎంచుకోండి

స్థూలంగా రిట్రీట్లు నాలుగు రకాలు. బోధ, ఆరాధన ప్రధానంగా సాగేవి ఒక రకం. 1875లో ఇంగ్లండ్‌లో మొదలైన కెజిక్ కూటాల తరహాలో, కొన్ని రోజులు వరుసగా వాక్యం విని మనల్ని మనం దేవునికి అప్పగించుకోవడం వీటిలో ముఖ్యం. రెండోది మౌన ధ్యానం. ఇందులో బోధ తక్కువ, ఏకాంతం ఎక్కువ. రోజుకోసారి ఆత్మీయ మార్గదర్శితో అరగంటో ముప్పావుగంటో మాట్లాడతారు. మూడోది ఉపవాస ప్రార్థన. నాలుగోది, ఒక ఆశ్రమంలోనో ధ్యాన కేంద్రంలోనో గది తీసుకుని ఎవరికి వాళ్లు గడిపేది.

మౌన ధ్యానానికి పెద్ద దిక్కు ఇగ్నేషియస్ లొయోలా. ఆయన స్పెయిన్‌కు చెందిన సైనికుడు. 1521లో పాంప్లోనా యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది. మంచం మీద ఉన్న ఆ నెలల్లో ఆయన తన మనసును గమనించడం నేర్చుకున్నాడు. రాచకొలువు గురించి, పేరు ప్రతిష్ఠల గురించి కలలు కంటే అప్పటికి హాయిగా ఉండి, తర్వాత మనసు ఎండిపోయినట్టు అయ్యేది. క్రీస్తు గురించి, పరిశుద్ధుల గురించి ఆలోచిస్తే ఆ సంతోషం తర్వాత కూడా నిలిచేది. ఆ తేడాను పట్టుకునే, 1522లో మన్రేసా అనే ఊళ్లో నెలల తరబడి ప్రార్థనలో గడిపి, తర్వాతి కాలంలో ఆత్మీయ సాధనలను క్రమంగా రాశాడు. వాటిని 1548లో పోపు మూడవ పౌలు ఆమోదించాడు. పూర్తిగా చేస్తే 30 రోజులు, కానీ ఇప్పుడు చాలామంది 3 రోజులు, 5 రోజులు, 8 రోజులుగా చేస్తున్నారు. కతోలికులు కానివాళ్లు కూడా ఈ పద్ధతి నుంచి ఎంతో పొందుతున్నారు.

మొదటిసారి వెళ్తుంటే 2 లేదా 3 రోజులు చాలు. నిర్వాహకులను ముందే అడగాల్సినవి ఇవి: రోజులో ఖాళీ సమయం ఎంత ఉంటుంది? ఒంటరిగా మాట్లాడటానికి మార్గదర్శి ఉంటారా? మౌనం తప్పనిసరా? ఇష్టం లేకపోతే ఏదైనా కార్యక్రమం మానుకోవచ్చా? మధ్యలో వెళ్లిపోవచ్చా?

చివరి రెండు ప్రశ్నలకు సూటిగా 'అవును' అని రాకపోతే అక్కడికి వెళ్లకండి. ఈ విషయంలో నేను మెతకగా మాట్లాడలేను. అందరి ముందు పాపాలు చెప్పమని బలవంతపెట్టేచోట, ఇంట్లోవాళ్లతో మాట్లాడనివ్వనిచోట, విడుదల కావాలంటే ఇంత కానుక ఇవ్వాలనేచోట, మందులు మానేస్తేనే విశ్వాసం ఉన్నట్టు అనేచోట క్రీస్తు పేరు వినబడుతుంది గానీ క్రీస్తు మనసు కనబడదు. ఆయన తలుపు దగ్గర నిలబడి తట్టేవాడు, తలుపు బద్దలు కొట్టేవాడు కాదు.

మూడో అడుగు: వెళ్లే ముందు వారం

ఇది చాలామంది వదిలేసే భాగం. ఆఖరి నిమిషం దాకా పరుగులు పెట్టి, సగం పనులు నెత్తిమీద పెట్టుకుని వెళ్తే మొదటి రోజంతా టెన్షన్‌తోనే పోతుంది. ఆఫీసులో, ఇంట్లో మీ పనులు ఎవరు చూస్తారో ముందే మాట్లాడుకోండి. అత్యవసరమైతే ఫోన్ చేయడానికి ధ్యాన కేంద్రం నంబరు ఇంట్లోవాళ్లకు ఇవ్వండి. అప్పుడు మీ ఫోన్ ఆపేసినా మనసు దాని వైపు లాగదు. ఆ వారం రోజూ రాత్రి ఒక గంట ముందే ఫోన్ పక్కన పెట్టడం అలవాటు చేసుకోండి. ఒక్కసారిగా ఆపితే మొదటి రోజు చెయ్యి ఊరికే జేబులోకి పోతూ ఉంటుంది.

వెంట తీసుకెళ్లాల్సినవి కొన్నే: బైబిల్, ఖాళీ నోట్‌బుక్, పెన్ను, చేతి గడియారం, నడవడానికి వీలైన చెప్పులు, రోజూ వేసుకునే మందులు. ఆత్మీయ పుస్తకాలు సంచి నిండా సర్దుకోకండి. మౌనం బరువనిపించిన మరుక్షణం చెయ్యి వాటి మీదికే వెళ్తుంది.

ఉపవాసం ఉండాలనుకుంటే షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, క్రమం తప్పకుండా మందులు వాడేవాళ్లు ముందు డాక్టరుతో మాట్లాడాలి. తిండి సరిగా తినకపోవడమనే జబ్బుతో బాధపడినవాళ్లు తిండి బదులు ఇంకేదైనా వదలడం మంచిది. తీవ్రమైన డిప్రెషన్‌లోనో, ఒక పెద్ద దెబ్బ తగిలిన కొత్తలోనో ఉంటే రోజుల తరబడి మౌనం మేలు చేయకపోవచ్చు. మీకు వైద్యం చేస్తున్నవాళ్లతో మాట్లాడి, తోడు మనుషులు ఉండే చిన్న రిట్రీట్‌ను ఎంచుకోండి.

నాలుగో అడుగు: మొదటి రోజు నిద్రపోండి

ప్రవక్త ఏలీయా కథను గుర్తు చేసుకోండి (1 రాజులు 19). యెజెబెలు రాణికి భయపడి పారిపోయి, ఒక చెట్టు కింద కూలబడి చావు కోరుకున్నాడు. దేవుడు అప్పుడు ఆయనకు ప్రసంగం వినిపించలేదు. ఏలీయా నిద్రపోయాడు. దూత తట్టి లేపి తినమన్నాడు. తిని, తాగి మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి తినిపించాడు. ఆ తర్వాతే 40 రోజుల నడక, హోరేబు కొండ, దేవునితో సంభాషణ.

మొదటి రోజు ప్రార్థనలో కునుకు వస్తే అపరాధ భావం పెట్టుకోకండి. శరీరం ఎన్నో నెలల బాకీ వసూలు చేసుకుంటోంది. త్వరగా పడుకోండి, నిదానంగా నడవండి, స్నానం చేయండి. మనం ఆత్మీయ ఎండుదనం అనుకునే దానిలో కొంత ఉత్త నిద్రలేమి అని ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

అదే అధ్యాయంలో దేవుడు ఏలీయాను రెండుసార్లు ఒకే ప్రశ్న అడుగుతాడు: "ఏలీయా, యిచ్చట నీవేమి చేయుచున్నావు?" ఆ రాత్రి పడుకునే ముందు ఏలీయా పేరు తీసి మీ పేరు పెట్టుకోండి. వెంటనే జవాబు చెప్పకుండా ఆ ప్రశ్నతోనే నిద్రపోండి.

ఐదో అడుగు: మౌనంలో నిలవడం

రెండో రోజు కష్టంగా ఉంటుంది. ముందే తెలిస్తే భయం ఉండదు కాబట్టి వివరంగా చెప్తాను.

కూర్చున్న పది నిమిషాల్లో బుర్రలో సంత మొదలవుతుంది. చెల్లించాల్సిన బిల్లు, ఎవరో అన్న మాట, పాత పాట, నడుంనొప్పి. తర్వాత విసుగు వస్తుంది. 'ఇక్కడ టైమ్ వేస్ట్ చేస్తున్నానా, ఈ మూడు రోజులు పేదలకు సాయం చేసినా బాగుండేదే' అన్నంత మంచి ఆలోచన రూపంలో వస్తుంది. 4వ శతాబ్దపు ఎడారి సన్యాసి ఎవాగ్రియస్ దీన్ని అచ్చుగుద్దినట్టు రాశాడు. మధ్యాహ్నం సూర్యుడు కదలనట్టే ఉంటాడు, రోజు 50 గంటలైనట్టు అనిపిస్తుంది, సన్యాసి మాటిమాటికీ కిటికీలోంచి చూస్తాడు, ఇంకోచోటికి పోతే దేవుణ్ణి ఇంకా బాగా సేవించొచ్చు అనుకుంటాడు. ఆయన దీనికి పెట్టిన పేరు మధ్యాహ్నపు దయ్యం. పదహారు వందల ఏళ్ల కిందటి ఆ మనిషికి, ఫోన్ కోసం తడుముకునే మనకు తేడా లేదని తెలిశాక నాకు ఎంతో ధైర్యం వచ్చింది.

అప్పుడు చేయాల్సింది కుర్చీలోంచి లేవకుండా ఉండటం. ముందే 40 నిమిషాలని అనుకుంటే 40 నిమిషాలూ కూర్చోండి. ఆలోచన వచ్చినప్పుడు దానితో కుస్తీ పట్టకండి, వెంటపడి వెళ్లనూ వద్దు. ఒక చిన్న ప్రార్థనను పట్టుకోండి: 'ప్రభువైన యేసూ, నన్ను కరుణించు.' ఊపిరి తీసుకుంటూ మొదటి సగం, వదులుతూ రెండో సగం. వందసార్లు మనసు తప్పిపోతే వందసార్లు మెల్లగా వెనక్కి తీసుకురండి. అలా తిరిగి రావడమే ఆ గంటలో మీరు చేసే ప్రార్థన. కూర్చోవడం మరీ దుర్భరంగా ఉంటే అదే మాటతో నెమ్మదిగా నడవండి.

ఈ సంతంతా సద్దుమణిగాక అడుగున ఉన్నది పైకి తేలుతుంది. ఎప్పుడో అణిచిపెట్టిన దుఃఖం, కోపం, సిగ్గు. చాలామంది ఇక్కడే భయపడి గదిలోంచి బయటికొచ్చి ఎవరితోనో కబుర్లలో పడతారు. దయచేసి ఆగండి. మీరు వెళ్లింది దీనికోసమే. అయితే గుండెదడ ఆగకపోయినా, చేదు జ్ఞాపకాలు ఊపిరాడనివ్వకపోయినా ఒంటరిగా భరించాల్సిన పని లేదు. లేచి వెళ్లి మార్గదర్శితో చెప్పండి. కాసేపు బయట నడవండి, నేల మీద పాదాలు ఆనించి నిలబడండి.

ఆరో అడుగు: ఒకే వాక్యభాగంతో ఒక గంట

12వ శతాబ్దంలో రెండవ గిగో అనే సన్యాసి (మౌనంలో, ఏకాంతంలో జీవించే కార్తూసియన్ సభవాడు) వాక్యంతో ప్రార్థించడాన్ని నాలుగు మెట్ల నిచ్చెనగా చెప్పాడు: చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, ఊరకే దేవుని సన్నిధిలో ఉండటం. విడుదల కోరేవారికి నేను ఎప్పుడూ సూచించే భాగం లూకా 13:10-17, పద్దెనిమిదేళ్లుగా నడుము వంగిపోయిన స్త్రీ కథ.

మొదట నెమ్మదిగా, పెదాలు కదిలేలా చదవండి. ఐదు నిమిషాలాగి మళ్లీ చదవండి. ఏదో ఒక మాట దగ్గర మనసు ఆగుతుంది. ఆగినచోటే ఉండిపోండి, ముందుకు పోవాలన్న తొందర వద్దు.

తర్వాత ఆ దృశ్యంలోకి వెళ్లండి. పద్దెనిమిదేళ్లుగా ఆమెకు కనబడింది నేల, మనుషుల పాదాలు. ఆమె ఏమీ అడగలేదు. యేసే చూసి, పిలిచి, "అమ్మా, నీ బలహీనతనుండి విడుదల పొందియున్నావు" అన్నాడు. విశ్రాంతి దినాన ఇదేం పని అని సమాజమందిరపు అధికారి మండిపడితే, మీరు ఎద్దునో గాడిదనో విప్పి నీళ్లకు తోలుకుపోరా, అబ్రాహాము కుమార్తె అయిన ఈమెను కట్ల నుంచి విడిపించకూడదా అని అడిగాడు. ఇప్పుడు మీరెక్కడున్నారో చూసుకోండి. ఆమె స్థానంలోనా? చూస్తున్న జనంలోనా? నేనైతే ఆ రెండో రిట్రీట్‌లో అధికారి పక్కన నిలబడి ఉన్నాను. అన్నయ్యకు అంత తేలిగ్గా విడుదల దొరక్కూడదని కోరుకుంటున్న మనిషిని నేను.

మూడో మెట్టులో మీకు కనబడింది దేవునితో మీ మాటల్లో చెప్పండి. సంఘంలో వాడే భాష అక్కర్లేదు. అమ్మతో మాట్లాడినట్టు మాట్లాడండి, కోపముంటే కోపంగానే. కీర్తనల్లో చాలా అలాంటివే. మాటలు అయిపోయాక ఊరుకోండి. అదే నాలుగో మెట్టు.

ఏడో అడుగు: ఒప్పుకోలు, క్షమాపణ

ఇక్కడ ఎక్కువ సమయం తీసుకోండి. నేను చూసినంతవరకు, విడుదల పొందానని సంవత్సరాల తర్వాత కూడా చెప్పగలిగినవాళ్లందరూ ఈ మెట్టు దాటినవాళ్లే.

ముందుగా, నిజమైన పాపపు ఒప్పుదలను ఉత్త నిందారోపణ నుంచి వేరు చేయాలి. పరిశుద్ధాత్మ ఒప్పించినప్పుడు విషయం స్పష్టంగా ఉంటుంది: ఫలానా రోజు, ఫలానా మనిషితో, ఫలానా అబద్ధం. అక్కడ దిద్దుకోవడానికి దారి కూడా కనిపిస్తుంది. నిందకు అంచులుండవు. 'నువ్వు పనికిరావు, నీ బతుకే ఇంత' అంటుంది తప్ప ఏం చేయాలో చెప్పదు. రెండో గొంతు వినిపిస్తే దాంతో వాదించకండి, క్రీస్తులో ఉన్నవారికి శిక్ష లేదని చెప్పే రోమా 8:1 తెరిచి పైకి చదవండి.

మొదటి గొంతు చెప్పింది కాగితం మీద రాయండి. రాశాక ఒక మనిషి ముందు చెప్పండి. కతోలికులకు పాపసంకీర్తనం, అంటే గురువు ముందు పాపాలు ఒప్పుకోవడం ఉంది, అందులో విన్నది గురువు ఎవరికీ ఎప్పటికీ చెప్పకూడదు. మిగతా సంఘాలవాళ్లు పాస్టర్ గారితోనో, పరిణతి ఉన్న ఒక విశ్వాసితోనో చెప్పుకోవచ్చు, యాకోబు 5:16 అదే అంటోంది. చెప్పేముందు 'ఇది మీ దగ్గరే ఉంటుందా' అని అడగడం తప్పు కాదు. ఆడవాళ్లు ఆడవాళ్లతో, మగవాళ్లు మగవాళ్లతో మాట్లాడటం మేలు. దేవునితో చెప్పాక మనిషితో ఎందుకని నేనూ చాలాకాలం వాదించాను. చీకట్లో దాచిన మాట ఇంకో మనిషి చెవిన పడి, ఆ మనిషి మొహం తిప్పుకోకుండా కూర్చున్నప్పుడు, కృప అన్న మాటకు అర్థం ఒంటికి తెలుస్తుంది.

ఇక క్షమాపణ. మత్తయి 18లో రాజు పదివేల తలాంతుల (ఎప్పటికీ తీర్చలేనంత) అప్పు మాఫీ చేసిన దాసుడు, నూరు దేనారాల కోసం తోటివాడి గొంతు పట్టుకుంటాడు. ఒక దేనారం ఆ రోజుల్లో ఒక రోజు కూలి. అంటే నూరు దేనారాలు మూడు నెలల పైచిలుకు కష్టం, చిన్న అప్పేం కాదు. మన గాయాన్ని 'పర్లేదులే, అదేం పెద్ద విషయం' అని కొట్టిపారేయమని యేసు చెప్పలేదని నాకు అర్థమైంది అక్కడే. అప్పు ఎంతో లెక్కగట్టకుండా మాఫీ ఎలా చేస్తాం?

కాబట్టి లెక్క రాయండి. ఆ మనిషి మీ దగ్గర్నుంచి ఏం తీసుకున్నారు? మాట, డబ్బు, పరువు, బాల్యం, నమ్మకం. పోస్టు చేయని ఉత్తరంలా మొత్తం రాయండి. నా నోట్‌బుక్‌లోని ఆ ఒక్క వాక్యం ఇలా వచ్చిందే: 'నాన్న చివరి రోజుల్లో ఆసుపత్రిలో నన్ను ఒంటరిని చేశాడని అన్నయ్యను నేను క్షమించలేదు.' పదమూడేళ్లు దాన్ని కోపమనీ, న్యాయమనీ, ఇంకేదో అనీ అనుకున్నాను. అది రాశాక సిలువ ముందు మోకాళ్లూని, ఆ కాగితం అక్కడ పెట్టి, 'ఈ బాకీ నేను ఇక వసూలు చేయను, నీకు వదిలేస్తున్నాను' అని పైకే చెప్పాను. లేచేటప్పటికి పెద్ద ఆనందమేమీ రాలేదు. చాలా బరువు మోసి దించిన చేతులు వణికినట్టు వణికాను. ఆ రాత్రి మాత్రం తెల్లవారేదాకా నిద్రపోయాను.

క్షమించడం అంటే హింసించిన మనిషి దగ్గరికి తిరిగి వెళ్లడం కాదు. నేరాన్ని దాచడం కాదు, ఫిర్యాదు వెనక్కి తీసుకోవడమూ కాదు. దూరంగా ఉంటూనే, చట్టం సాయం తీసుకుంటూనే క్షమించవచ్చు. 'క్షమించావుగా, ఇంక కలిసిపో' అని ఎవరైనా ఒత్తిడి చేస్తే ఒప్పుకోకండి. గాయం లోతైనదైతే ఈ ఒక్క రిట్రీట్‌లోనే పూర్తవ్వాలని కూడా లేదు. 'ప్రభువా, క్షమించాలన్న కోరిక కూడా నాకు లేదు, ఆ కోరికనైనా ఇవ్వు' అన్నదీ నిజాయితీగల ప్రార్థనే.

వ్యసనాల విషయంలో ఇంకో మాట. దేవుడు కొందరిని ఒక్క రాత్రిలో విడిపించాడు, అది నేను నమ్ముతాను. ఎక్కువమందికి విడుదల, యేసు సమాధిలోంచి బతికించిన లాజరుకు వచ్చినట్టు వస్తుంది. బతికి బయటికొచ్చాడు గానీ చేతులకు, కాళ్లకు ప్రేతవస్త్రాలు ఉన్నాయి. అప్పుడు యేసు చుట్టూ ఉన్నవాళ్లతో కట్లు విప్పమన్నాడు (యోహాను 11:44). డాక్టరు, కౌన్సిలర్, తోటి బాధితుల బృందం, రోజూ ఫోన్ చేసే స్నేహితుడు ఆ కట్లు విప్పేవాళ్లే.

ఏడుపు రాకపోతే?

రాకపోవచ్చు. పక్కవాళ్లు కన్నీళ్లతో ప్రార్థిస్తుంటే మీకు ఏమీ అనిపించకపోవచ్చు. హోరేబు కొండ మీద గాలి వచ్చింది, భూకంపం వచ్చింది, మెరుపు వచ్చింది. దేవుడు మాట్లాడింది వాటన్నిటి తర్వాత, "మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము"లో. అనుభూతిని తెచ్చిపెట్టుకోకండి, సాక్ష్యం చెప్పమంటే లేనిది చెప్పకండి. నా మొదటి సాక్ష్యంలో సగం, అప్పటి ఊపులో అన్న మాటలు.

ఎనిమిదో అడుగు: చివరి పూట

ఊపులో ఉన్నప్పుడు పెద్ద మొక్కుబడులు, ప్రతిజ్ఞలు వద్దు. ఎవరైనా మహా ఉత్సాహంలో ఉండి తొందరపడి ప్రమాణం చేయబోతే మార్గదర్శి ఆపాలని ఇగ్నేషియస్ తన సూచనల్లో రాశాడు. దానికి జతగా ఇంకో నియమం కూడా ఇచ్చాడు: మనసు కుంగి ఉన్నప్పుడు, ముందు ప్రశాంతంగా చేసిన నిర్ణయాన్ని మార్చవద్దు. ఉద్యోగం మానేయడం, పెళ్లి, సేవకు వెళ్లడం లాంటివి కనీసం నెల రోజులు ప్రార్థనలో పెట్టి, పెద్దలతో మాట్లాడాక నిర్ణయించండి.

బయలుదేరే ముందు మూడే రాయండి. దేవుడు నాకు చూపింది ఏమిటి? నేను వదిలేసింది ఏమిటి? రేపు చేయబోయే ఒక్క చిన్న పని ఏమిటి? నా మూడో జవాబు: 'అన్నయ్యకు ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడగడం.' పాత విషయం ఎత్తడం అందులో లేదు. చేశాను. నాలుగు నిమిషాలు మాట్లాడుకున్నాం. ఆ ఏడాది చివరికి గంటసేపు మాట్లాడుకోగలిగాం.

తొమ్మిదో అడుగు: తిరిగొచ్చిన 40 రోజులు

ఇల్లు మీకోసం ఆగి ఉండదు. పిల్లల అల్లరి, పేరుకున్న పని అలాగే ఉంటాయి. యేసు రూపం వెలుగుతో మారిపోయిన రూపాంతర కొండ మీద పర్ణశాలలు కట్టుకుందామన్న పేతురు, కిందికి దిగగానే మూర్ఛతో విలవిల్లాడుతున్న పిల్లవాణ్ణి, వాదులాడుకుంటున్న జనాన్ని చూశాడు. మీరు లేనన్నాళ్లు ఇల్లు మోసినవాళ్లకు ముందు థ్యాంక్స్ చెప్పండి, వాళ్లను కాసేపు విశ్రాంతి తీసుకోనివ్వండి. 'మీరు కూడా మారాలి' అని మొదటి రోజే బోధ మొదలుపెట్టకండి. మొదటి రెండు రోజులు సోషల్ మీడియాకు దూరంగా ఉంటే మంచిది.

మత్తయి 12లో యేసు చెప్పిన ఇంటి కథ ఇక్కడ గుర్తుంచుకోవాలి. అపవిత్రాత్మ వెళ్లిపోయింది, ఇల్లు ఊడ్చి అమర్చి ఉంది, కానీ ఖాళీగా ఉంది. వెళ్లింది ఇంకో ఏడింటిని వెంటబెట్టుకుని వచ్చింది. పాత అలవాటు ఉన్న గంటలో ఏం పెడతారో ముందే నిర్ణయించుకోండి. రాత్రి 11 గంటలకు ఫోన్‌తో పడిపోయేవారు ఫోన్‌ను వేరే గదిలో ఛార్జింగ్‌కు పెట్టి, మంచం పక్కన బైబిల్ పెట్టుకోవాలి. మీ ఒప్పుకోలు విన్న మనిషితో వారానికి ఒకసారి మాట్లాడండి.

రోజూ రాత్రి పది నిమిషాలు ఈ పరిశీలన చేయండి. రోజులో కృతజ్ఞత చెప్పాల్సింది తలుచుకోండి. వెలుగు ఇమ్మని అడగండి. పొద్దుటి నుంచి జరిగింది వరుసగా చూడండి. దేవునికి దగ్గరగా ఎక్కడ ఉన్నాను, ఎక్కడ తప్పుకున్నాను? తప్పుకున్నదానికి క్షమాపణ అడిగి, రేపటి కోసం ఒక సాయం అడగండి. 40 రోజులు చేస్తే అలవాటు నిలబడే అవకాశం ఎక్కువ. మధ్యలో పడిపోతే, మొత్తం రిట్రీట్ అబద్ధమైపోయిందని అనుకోకండి. అదే రోజు లేచి, అదే మనిషికి ఫోన్ చేయండి.

ఇల్లు వదిలి వెళ్లలేనివారికి

మంచాన పడిన అత్తగారిని చూసుకునే కోడలు, చంటిపిల్లల తల్లి, సెలవు దొరకని కార్మికుడు ఎలా వెళ్తారు? ఇగ్నేషియస్ ఇలాంటివారి కోసం కూడా ఆలోచించాడు. ఆయన 19వ సూచన ప్రకారం, పనులు వదల్లేనివారు ఇంట్లో ఉంటూనే రోజూ గంటన్నర తీసుకుని అవే సాధనలు చేయవచ్చు. గంటన్నర కుదరకపోతే అరగంటతో మొదలుపెట్టండి. ఇంట్లోవాళ్లకు చెప్పి తలుపు వేసుకోండి, వారానికి ఒక వాక్యభాగం చాలు, రెండు వారాలకోసారి మార్గదర్శితో ఫోన్‌లోనైనా మాట్లాడండి. పైన చెప్పిన అడుగులే నెల రోజుల్లోకి సర్దుకోండి.

మధ్యలో పిల్లాడు ఏడుస్తాడు, బెల్ మోగుతుంది. అప్పుడు మార్కు 6వ అధ్యాయంలో మిగతా కథ చదవండి. యేసు శిష్యులను విశ్రాంతికి తీసుకెళ్లిన ఆ అరణ్యప్రదేశానికి, వాళ్ల పడవ చేరేసరికే జనం పరుగెత్తుకొచ్చి నిలబడి ఉన్నారు. ఆయన వాళ్లను విసుక్కోలేదు. కనికరపడి బోధించాడు, ఐదు వేలమందికి కడుపునిండా పెట్టాడు. పొద్దుపోయాక అందరినీ పంపేసి, ప్రార్థన చేసుకోవడానికి ఒక్కడే కొండ మీదికి వెళ్లాడు.